జీపీఎస్ పోయినా గోదావరి మీద దారి తప్పకుండా ఎగరడం ఎలా?

2025 నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల విమానాలకు తప్పుడు జీపీఎస్ సిగ్నళ్ళు అందాయన్న వార్తలు వచ్చాయి. అప్పటి నుంచి నన్ను అందరూ అడుగుతున్నది ఒకటే: "జీపీఎస్ పోతే ఏం చేస్తారండీ?" అడిగేవాళ్ళు మూడు రకాలు. టికెట్ కొనుక్కుని ఎక్కేవాళ్ళు, ఇంట్లో కంప్యూటర్ మీద సిమ్యులేటర్ నడిపేవాళ్ళు, పైలట్ ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు.

మొదటివాళ్ళకి జవాబు చిన్నది. పెద్ద విమానాల్లో ఉపగ్రహాలతో పని లేకుండా సొంతంగా లెక్క కట్టుకునే ఇనర్షియల్ వ్యవస్థ ఉంటుంది. నేల మీద వీఓఆర్ (దిక్కు చెప్పే రేడియో), డీఎంఈ (దూరం చెప్పేది), ఐఎల్ఎస్ (రన్‌వే మీదకి దారి చూపేది) స్టేషన్లున్నాయి, పక్కన ఏటీసీ (నేల మీది విమాన నియంత్రణ) రాడార్ ఉంది. మీరు టెన్షన్ పడకుండా పడుకోండి.

మిగతా ఇద్దరి కోసమే ఇది. "మనకి గగన్ ఉంది కదా సార్" అని ఒకరు తప్పకుండా అంటారు. గగన్ జీపీఎస్‌ను సరిదిద్దే వ్యవస్థ. సరిదిద్దడానికి అసలు సిగ్నలే లేకపోతే గగన్ ఏం చేస్తుంది? కాబట్టి ఉపగ్రహాలన్నిటినీ పక్కన పెట్టేసి గడియారం, దిక్సూచి, మ్యాప్, నేల మీది రేడియోలతో పని కానిద్దాం.

గోదావరి డెల్టానే ఎందుకంటే, మాది కోనసీమ కాబట్టి అన్నది సగం కారణం. మిగతా సగం ఏమిటంటే, పైనుంచి చూసేవాణ్ణి ఇంతగా మోసం చేసే నేల నేను చూడలేదు. ఏ కాలవ చూసినా ఒకేలా ఉంటుంది. కొబ్బరితోటలకి మొదలూ చివరా తెలియదు. భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువులు అద్దాల పలకల్లా మెరుస్తాయి. ఇక నాట్ల రోజుల్లో వరి చేలు కూడా నీళ్ళే, ఏది చెరువో ఏది చేనో చెప్పడం కష్టం. ఇక్కడ దారి పట్టుకున్నవాడు ఎక్కడైనా పట్టుకుంటాడు.

ముందే ఒక మాట. ఇది కాగితం మీదా సిమ్యులేటర్ మీదా చేసుకునే సాధన. నిజం విమానంలో మీ ఇన్‌స్ట్రక్టర్, విమానం మాన్యువల్, ఏటీసీ ఏం చెబితే అదే ఫైనల్. కింద ఇచ్చిన దూరాలు, డిగ్రీలు నేను మ్యాప్ మీద కొలిచినవి, సుమారువి. మీరు మళ్ళీ కొలుచుకోండి. మైలు అన్నచోటల్లా నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.

కావలసినవి

- మిలియన్ మ్యాప్, అంటే సెంటీమీటరుకి 10 కిలోమీటర్లు చూపించే ఏరోనాటికల్ చార్టు. దొరక్కపోతే స్కేలు సరిగ్గా ఉన్న ఏ మ్యాప్ ప్రింటైనా సాధనకి పనికొస్తుంది
- ప్రొట్రాక్టరు, స్కేలు, రెండు పెన్సిళ్ళు. ఒకదాన్ని దారంతో ప్యాడ్‌కి కట్టేయండి, ఎందుకో మొదటిసారి అది సీటు కిందకి దొర్లినప్పుడు తెలుస్తుంది
- ముల్లున్న గడియారం లేదా స్టాప్‌వాచ్. ఫోన్ మాత్రం వద్దు, కారణం కింద చెబుతాను
- గాలి లెక్కలు చేసే గుండ్రటి ఫ్లైట్ కంప్యూటర్. లేకపోతే సైన్, కాస్ ఉన్న మామూలు కాలిక్యులేటరు
- వీఓఆర్ ఉన్న విమానం. డీఎంఈ కూడా ఉంటే హాయి

దారి

రాజమండ్రి విమానాశ్రయం (మధురపూడి) నుంచి అంతర్వేది, అక్కడి నుంచి యానాం, తిరిగి మధురపూడి. మూడు గీతల త్రికోణం. గాలిలో వేగం 100 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక మైలు), ఎత్తు 2500 అడుగులు. గాలి 240 డిగ్రీల నుంచి 15 నాట్లు, అంటే నైరుతి గాలి, మన వానాకాలానికి తగ్గట్టు.

1. గీతలు గీయండి, కొలవండి.

మధురపూడి–అంతర్వేది: దిశ 186, దూరం 47 మైళ్ళు (మ్యాప్ మీద 8.7 సెంటీమీటర్లు). అంతర్వేది–యానాం: దిశ 49, దూరం 37. యానాం–మధురపూడి: దిశ 315, దూరం 32. ఇవి నిజ ఉత్తరం నుంచి కొలిచిన దిశలు. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ దానికీ తేడా పడమరకి ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి దిక్సూచి కోసం ఒకటి కలపండి.

2. గాలిని కలిపి హెడింగ్ (విమానం ముక్కు చూసే దిక్కు), టైం తేల్చండి.

మొదటి గీతకి చేసి చూపిస్తాను. గాలి 240 నుంచి, మన దిశ 186, మధ్య కోణం 54. పక్కనుంచి తోసే గాలి: 15 × సైన్ 54 = 12 నాట్లు. ఎదురుగాలి: 15 × కాస్ 54 = దాదాపు 9. 100 నాట్ల విమానానికి 12 నాట్ల పక్కగాలి అంటే 7 డిగ్రీల దిద్దుబాటు. గాలి కుడి పక్కనుంచి వస్తోంది కాబట్టి ముక్కు కుడికే తిప్పాలి. 186 + 7 = 193, దిక్సూచి మీద 194. నేల మీద వేగం 90 నాట్లు, టైం 31 నిమిషాలు.

మిగతా రెండూ మీరు చెయ్యండి. రెండో గీతకి దిక్సూచి మీద హెడింగ్ 48, టైం 19 నిమిషాలు రావాలి. మూడోదానికి హెడింగ్ 308, టైం 20. ఒకటి రెండు తేడా వస్తే ఫరవాలేదు. పది వస్తే దిద్దుబాటు గుర్తు (ప్లస్సా మైనస్సా అన్నది) తప్పింది.

గుర్తు తప్పడం చిన్న విషయం అనుకోకండి. ట్రైనింగ్‌లో నేను చేసిన మొదటి క్రాస్‌కంట్రీలో (ఊరు దాటి దూరం ఎగరడం) గాలి దిద్దుబాటు కలపాల్సిన చోట తీసేశాను. ఇన్‌స్ట్రక్టరు చూస్తూ ఊరుకున్నారు. పావుగంట తర్వాత "కింద కనిపించే ఊరేంటి?" అన్నారు. నేను మ్యాప్ మీద ఊరి పేరు ధీమాగా చెప్పాను. అది ఆ ఊరు కాదు. ఈ త్రికోణంలో అదే తప్పు చేస్తే ఏమవుతుందో లెక్క కట్టి చూశాను: 14 డిగ్రీల తేడా, 47 మైళ్ళకి 11 మైళ్ళు తూర్పుకి కొట్టుకుపోతారు. అంటే అంతర్వేదికి బదులు ఓడలరేవు దగ్గరికి. అక్కడా ఒక నది సముద్రంలో కలుస్తుంది, ఇసుక తిన్నెలూ కొబ్బరిచెట్లూ ఉంటాయి. ఓడలరేవు దగ్గరి వైనతేయ పాయను అంతర్వేది దగ్గరి వశిష్ఠ అనుకుని ఠీవిగా ఎడమకి తిరుగుతారు!

3. నిమిషాల వారీగా గుర్తులు రాసుకోండి.

సాధన మొత్తానికి ఇదే ప్రాణం. మొదటి గీతకి నా చీటీ ఇలా ఉంటుంది:

7వ నిమిషం: ధవళేశ్వరం బ్యారేజీ, కుడి పక్కన 2 మైళ్ళ దూరంలో. దానికి ముందే రాజమండ్రి–కొవ్వూరు వంతెనల వరస కుడి పక్కన దాటిపోవాలి.
16వ నిమిషం: సిద్ధాంతం బ్రిడ్జి, ఎడమన ఒకటిన్నర మైలు. వశిష్ఠ ఈపాటికి ఎడమ పక్కకి వచ్చి ఉండాలి.
24వ నిమిషం: చించినాడ బ్రిడ్జి, ఎడమన.
27వ నిమిషం: నరసాపురం, కుడి పక్కన రెండున్నర మైళ్ళు. నది మళ్ళీ కుడికి మారిపోయింది.
31వ నిమిషం: అంతర్వేది, సముద్రం.

రెండో గీతలో 11వ నిమిషానికి అమలాపురం ఎడమన ఒక మైలు పైచిలుకు దూరంలో కనిపించాలి. యానాం దగ్గర గౌతమి మీద జాతీయ రహదారి 216 వంతెన మంచి గుర్తు. మూడో గీతలో 11వ నిమిషం అటూ ఇటూగా అనపర్తి–బిక్కవోలు మధ్య హౌరా రైలు మార్గం దాటాలి.

గుర్తుగా ఎప్పుడూ వంతెనో, బ్యారేజీయో, రైలు మార్గమో ఎంచుకోండి. చెరువులు, గుడులు, చిన్న కాలవలు వద్దే వద్దు. గోదావరి జిల్లాల్లో గోపురం లేని ఊరెక్కడ? ఇసుక తిన్నెలు కూడా వద్దు, వరదొచ్చి వెళ్ళాక వాటి రూపే మారిపోతుంది.

"ఇదంతా ఎందుకు, నదిని పట్టుకుని పోతే అంతర్వేది రాదా?" అంటారా? నది మీ గీతకి అటూ ఇటూ వంకర్లు తిరుగుతుంది. పైగా ధవళేశ్వరం కింద అది చీలుతుంది, ఆ తర్వాత వశిష్ఠలోంచి వైనతేయ చీలుతుంది. ఒక్క పాయ తప్పు పట్టుకుంటే ఊరే మారిపోతుంది.

4. జీపీఎస్ పోయిందని ఒప్పుకోండి.

సిమ్యులేటర్‌లో ఫెయిల్యూర్‌ను మీకు తెలియని టైంకి పెట్టమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. సిగ్నల్ పూర్తిగా పోవడం సులువైన కేసు, స్క్రీనే చెప్పేస్తుంది. కష్టమైనది తప్పుడు సిగ్నల్. స్క్రీన్ మీద విమానం బొమ్మ హాయిగా కదులుతూనే ఉంటుంది, కాకపోతే అబద్ధం చెబుతుంది. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అనుమానించండి:

- జీపీఎస్ గడియారం మీ చేతి గడియారంతో కలవడం లేదు
- నేల మీద వేగం ఉన్నట్టుండి దూకింది, మీరేమో థ్రాటిల్ ముట్టుకోలేదు
- డీఎంఈ ఒక దూరం, జీపీఎస్ ఇంకో దూరం చెబుతున్నాయి
- చదునైన డెల్టా మీద ఎగురుతుంటే కొండ ఉందన్న హెచ్చరిక వచ్చింది

ఈ చివరిది వస్తే ఒక జాగ్రత్త. పగలు, కింద పచ్చటి చేలు స్పష్టంగా కనిపిస్తుంటే సరే. రాత్రయినా మబ్బులో ఉన్నా హెచ్చరికను నిజమనుకునే పైకి ఎక్కండి, అనుమానాలు తర్వాత తీర్చుకోవచ్చు.

ఆటోపైలట్ జీపీఎస్ దారిని అనుసరిస్తుంటే దాన్ని వెంటనే హెడింగ్ మోడ్‌కి మార్చండి. చాలామంది ఇది మర్చిపోతారు. తాము ఇక్కడ కూర్చుని మ్యాప్ చూస్తుంటే విమానం తప్పుడు జీపీఎస్ వెనకాలే పోతూ ఉంటుంది.

5. హెడింగ్ పట్టుకోండి, టైం రాయండి.

194 మీద స్థిరంగా ఉండండి. జైరో హెడింగ్‌ను (తిరిగే చక్రంతో దిక్కు చూపే పరికరం) దిక్సూచితో సరిచేయండి, ఆ తర్వాత ప్రతి 15 నిమిషాలకీ మళ్ళీ. దిక్సూచిని రెక్కలు సమంగా, వేగం నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే చదవాలి. తూర్పుకో పడమరకో వెళ్తూ వేగం పెంచితే అది ఉత్తరానికి తిరిగినట్టు చూపిస్తుంది, తగ్గిస్తే దక్షిణానికి. ఫోన్ వద్దన్నది ఇందుకే. దాని స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఫోన్ గానీ హెడ్‌సెట్ గానీ పెడితే దిక్సూచి దానివైపు తిరిగి నిజాయితీగా అబద్ధం చెబుతుంది.

6. చూసే వరస తప్పకండి: గడియారం, మ్యాప్, తర్వాతే నేల.

గడియారం 16 నిమిషాలంటోంది. చీటీ ప్రకారం సిద్ధాంతం బ్రిడ్జి ఎడమన ఉండాలి. ఎడమకి చూడండి, ఉందా? ఈ వరస తిరగేస్తే, అంటే ముందు కిందకి చూసి "ఏదో బ్రిడ్జి ఉంది, మ్యాప్‌లో ఏదో చూద్దాం" అంటే, మనసు కోరుకున్న బ్రిడ్జి మ్యాప్‌లో ఎప్పుడూ దొరుకుతుంది. నా ఇన్‌స్ట్రక్టరుకి నేను ధీమాగా చెప్పిన ఊరు అలా దొరికినదే.

7. తేడా కనిపిస్తే సరిచేయండి.

అరవై మైళ్ళలో ఒక మైలు పక్కకి పోతే ఒక డిగ్రీ తప్పు. ఈ ఒక్క సూత్రం చాలు. 24 మైళ్ళు వచ్చాక సిద్ధాంతం బ్రిడ్జి ఎడమన కాకుండా సరిగ్గా మీ కింద ఉందనుకోండి. గీతకి ఒకటిన్నర మైలు ఎడమకి వచ్చేశారు. 1.5 ÷ 24 × 60 = దాదాపు 4 డిగ్రీల తప్పు. మిగిలిన దూరం కూడా అంతే కాబట్టి దానికి రెట్టింపు, 8 డిగ్రీలు కుడికి తిరిగితే అంతర్వేది దగ్గర గీతను కలుస్తారు. నాలుగే తిరిగితే గీతకి సమాంతరంగా పోతారు తప్ప దాన్ని కలవరు.

టైం కూడా చూడండి. బ్రిడ్జి 16కి బదులు 18వ నిమిషానికి వస్తే మీ అసలు వేగం 80 నాట్లే. అంతర్వేది 31కి కాదు, 35కి వస్తుంది. కొత్త టైం వెంటనే చీటీ మీద రాయండి, ఇంధనం లెక్క కూడా దాంతోపాటే మార్చండి.

8. వీఓఆర్‌తో ఖాయం చేసుకోండి.

ఫ్రీక్వెన్సీ ప్రస్తుత చార్టులోంచే తీసుకోండి, పాత పీడీఎఫ్‌లోంచి కాదు. సిమ్యులేటర్ డేటాబేస్ కూడా పాతదై ఉండొచ్చు. ట్యూన్ చేశాక మోర్స్ కోడ్ వినండి. మరమ్మతులో ఉన్న స్టేషన్ వీఓఆర్ మీటరు సూదిని కదిలిస్తుంది గానీ తన గుర్తింపు కోడ్ పంపదు. అది వినిపించకపోతే ఆ సూదిని నమ్మకండి.

తర్వాత ఓబీఎస్ (వీఓఆర్ మీటరు మీద దిక్కు ఎంచుకునే నాబ్) తిప్పి, "ఫ్రమ్" గుర్తుతో సూదిని మధ్యకి తెండి. ఆ అంకే మీ రేడియల్. రేడియల్ ఎప్పుడూ స్టేషన్ నుంచి బయటికి లెక్క. "టు" గుర్తుతో చదివితే 180 డిగ్రీలు తిరగబడి, మీరు అడవుల మీద ఉన్నట్టు లెక్క తేలుతుంది.

స్టేషన్ మధురపూడిలో ఉందనుకుందాం. అంతర్వేది 187 రేడియల్ మీద (186కి ఆ ఒక డిగ్రీ కలిపి), 47 మైళ్ళ దూరంలో ఉంటుంది. ఓడలరేవు దాదాపు 169 మీద, 42 మైళ్ళలో. కంటికి ఒకేలా కనిపించే రెండు నదీముఖాల మధ్య 18 డిగ్రీల తేడా! అనుమానం తీరడానికి పది సెకన్లు చాలు.

డీఎంఈ లేకపోతే పడమరన గన్నవరం వైపు రెండో వీఓఆర్ పట్టండి. అక్కడి నుంచి అంతర్వేది సుమారు 104 రేడియల్. రెండు గీతలూ దాదాపు లంబంగా కోసుకుంటాయి, అంతకన్నా మంచి కోత దొరకదు. 30 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో కోసుకునే గీతలను మాత్రం నమ్మకండి. సిగ్నల్ అందకపోతే ఎత్తు పెంచండి. 2500 అడుగుల్లో వీఓఆర్ 61 మైళ్ళ దాకా అందుతుంది, 4000 అడుగుల్లో 78 దాకా.

9. కావాలనే పక్కకి గురిపెట్టండి.

వీఓఆర్ కూడా లేదు, గాలి అంచనా మీదా నమ్మకం లేదు. అప్పుడు సూటిగా అంతర్వేదికి వెళ్ళకండి. హెడింగ్ ఒక 10 డిగ్రీలు ఎడమకి తగ్గించుకుని వెళ్ళండి. తీరం తగిలేసరికి మీరు కచ్చితంగా అంతర్వేదికి తూర్పున ఉంటారు. ఇక కుడికి తిరిగి తీరం వెంబడి పోతే మొదట తగిలే పెద్ద నదీముఖం వశిష్ఠే. సూటిగా వెళ్ళినవాడికి తీరం చేరాక కుడికా ఎడమకా అన్న సమస్య మిగిలిపోతుంది. కాకపోతే గాలి దిద్దుబాటు గుర్తు సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి. అదీ తప్పి, పది డిగ్రీలూ తగ్గిస్తే ఓడలరేవు కూడా దాటిపోతారు, ఈ చిట్కా ఎదురు తిరుగుతుంది.

10. అయినా తప్పిపోతే

గుండ్రంగా తిరుగుతూ వెతకకండి. చివరిసారి ఖాయంగా తెలిసిన గుర్తునూ టైంనూ రాయండి. పైకి ఎక్కండి, రేడియో దూరం పెరుగుతుంది. ఏటీసీకి దాచకుండా చెప్పండి: "జీపీఎస్ లేదు, స్థానం తెలియడం లేదు, హెడింగ్ ఇంత, ఎత్తు ఇంత, ఇంధనం ఇన్ని నిమిషాలకి." మామూలు ఫ్రీక్వెన్సీలో ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ప్రమాదం అనిపిస్తే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి జవాబు పంపే పరికరం) 7700. రేడియో కూడా పోతే 7600. ఏడీఎస్-బీ (విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే వ్యవస్థ) మీ స్థానాన్ని జీపీఎస్ నుంచే తీసుకుంటుంది, కాబట్టి "నేను వాళ్ళ స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటానులే" అనుకోవద్దు. తప్పుడు సిగ్నల్ వస్తే మీరు తప్పుడు చోటే కనిపిస్తారు.

డెల్టాలో ఒక వీలుంది. ఎక్కడున్నా ఆగ్నేయానికి పోతే తీరం, వాయవ్యానికి పోతే హౌరా రైలు మార్గం తగులుతాయి. చిన్న విమానంతో సముద్రం మీదకి పోవడం కన్నా రైలు మార్గమే మేలు. దాన్ని పట్టుకుంటే రాజమండ్రి వంతెనలు వస్తాయి, అక్కడి నుంచి మధురపూడి ఉత్తరాన ఉంది.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

సిమ్యులేటర్ అయితే మీరు ఎగిరిన దారిని రికార్డు చేసి, దిగాకే తెరిచి చూడండి. మలుపుల దగ్గర 2 మైళ్ళ లోపు, టైం 2 నిమిషాల లోపు తేడా ఉంటే బాగా చేసినట్టే. మొత్తం దాదాపు 70 నిమిషాలు పట్టాలి. తేడా మూడు గీతల్లోనూ ఒకే దిక్కుకి, ఉదాహరణకి ఎప్పుడూ తూర్పుకే ఉంటే, తప్పు గాలి లెక్కలో ఉంది. ప్రతి గీతలోనూ ఒకే చేతివైపుకి, అంటే ఎప్పుడూ ఎడమకే ఉంటే, జైరో దిక్సూచితో కలవలేదన్నమాట. అటొకటి ఇటొకటి ఉంటే హెడింగ్ పట్టుకోవడంలో మీ చెయ్యే నిలవడం లేదు.

చీటీ మీద గుర్తుల పక్కన అసలు టైం రాశారో లేదో కూడా చూడండి. ఖాళీ గడులుంటే దారి కుదిరినా సాధన కుదరనట్టే, అదృష్టం కలిసొచ్చింది అంతే. రెండోసారి గాలిని 60 డిగ్రీల నుంచి పెట్టి, చలికాలపు పొద్దుటి మంచుకి తగ్గట్టు కంటిచూపు 5 కిలోమీటర్లకి తగ్గించి ఎగరండి. అప్పుడు నరసాపురం లాంటి గుర్తులు కంటిచూపు చివరి అంచున పడతాయి, చీటీ మళ్ళీ కొత్తగా రాసుకోవాలి.